కుదుళ్ళతో సహా

ఫిబ్రవరి 11

పోయిన ఆదివారం పొద్దున ఎలా గడిచిందో రాసి పెట్టుకోవాలనిపించింది. అలాంటి పొద్దు మళ్ళీ వస్తుందో రాదో.

ప్రార్థన ముగించి తలుపు తీసేసరికి ముగ్గురూ మెట్ల మీదే ఉన్నారు. పెద్దతమ్ముడు, మరదలు, వాళ్ళ కూతురు పిచ్చుక. ఆదివారం పొద్దుటి టీ నా ఇంట్లోనే, వాళ్ళ పెళ్ళయిన నాటినుంచీ. మరదలు చెప్పులు విప్పుతూనే, "వదినా, కళ్ళజోడు ఇలా ఇవ్వండి, ఎడమ కాడ వదులైంది" అంది. నేను కిటికీ దగ్గర తల వంచి కుడుతుంటే అది జారడం వీధిలోంచే కనిపించిందట. సంచీలోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి నా కుట్టుమిషను బల్ల మీదే బిగించింది. పెద్దోడు జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి అద్దాలు తుడిచాడు. వాళ్ళది కళ్ళజోళ్ళ షాపు. ఆమె బిగిస్తే అతను తుడుస్తాడు. మధ్యలో మాట అక్కర్లేదు.

పిచ్చుకకి పదిహేడు. పేరుకే పిచ్చుక, తిండి మాత్రం ఏనుగుది. తన రొట్టె మధ్యభాగం తండ్రి ప్లేటులో పడేసి అతని రొట్టె అంచులు లాక్కుంది.

"గట్టివి నాకిచ్చెయ్ నాన్నా, నీ పళ్ళు పాడవుతాయి."

"నా పళ్ళ మీద ఎంత ప్రేమే నీకు!"

చిన్నతమ్ముడు ఆలస్యంగా వచ్చాడు. బస్సు నడుపుతాడు. "బస్సు టైముకే వెళ్తుందక్కా, నేనే వెళ్ళను" అంటాడు. మరదలి చేతిలో కప్పు లాక్కుని సగం తాగేసి, "పంచదార ఏది?" అన్నాడు. అప్పుడు తెలిసింది, నేను వెయ్యనే లేదని. మిగతా ముగ్గురూ ఒక్క మాట అనకుండా తాగేశారు.

అంతే. ఆ పొద్దున ఇంకేమీ జరగలేదు. మధ్యాహ్నం షాపు వీధిలో రక్తదాన శిబిరానికి వెళ్ళారు.

ఫిబ్రవరి 12

మధ్యాహ్నం సంగతి నిన్న రాయలేకపోయాను. ఇవాళ రాస్తాను.

శిబిరంలో ముగ్గురూ వరసగా కూర్చున్నారట. పిచ్చుకకి వయసు చాలదని రక్తం తీసుకోలేదు, సరదాకి గ్రూపు చూసి చెప్పారు. పెద్దోడిది ఓ. మరదలిది ఓ. పిల్లది ఏ. సూది గుచ్చే కుర్రాడు అందరూ వింటుండగా, "ఓ, ఓ అయితే ఏ రాదే! అమ్మాయి మీ సొంతమేనా, పెంచుకున్నారా?" అన్నాడట. పక్క కుర్చీలో గడియారాల షాపతను. అతని చెవిన పడితే వీధి మైకులో పడ్డట్టే.

మరదలు నవ్విందట. నవ్వక ఏం చేస్తుంది?

"తప్పు చేసినవాళ్ళే అలా నవ్వేస్తారక్కా" అన్నాడు పెద్దోడు, నా ఎదురుగా కూర్చుని. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మనిషి.

నాకు కోపం లేదు. సూదులు రెండు విరిగాయి. గుడ్డ మందంగా ఉంది.

ఫిబ్రవరి 15

తండ్రి ఎవరో తేల్చే పరీక్షకి ముగ్గురి నెత్తురూ ల్యాబ్‌లో ఇచ్చి వచ్చారు. మరదలే ముందు చెయ్యి చాపిందట. "తియ్యండి. ఎంత కావాలంటే అంత తియ్యండి."

రిజల్టు వచ్చేదాకా తనని నాన్నా అని పిలవొద్దని పిల్లతో చెప్పాడట పెద్దోడు.

ఈ వాక్యం రాసి, మళ్ళీ చదివాను. తప్పు రాయలేదు. అలాగే చెప్పాడట.

ఫిబ్రవరి 16

ప్రార్థన కుదరలేదు.

ఫిబ్రవరి 23

షాపుకి వెళ్ళాను. ఒక ముసలాయన కొత్త అద్దాలు పెట్టుకుని వీధిని చూసి మురిసిపోతున్నాడు. మరదలు వెనక గదిలో అద్దం అంచు అరగదీస్తోంది, పెద్దోడు గల్లాపెట్టె దగ్గర. మధ్యలో తెర. ఇంతకుముందు ఆ తెర ఎప్పుడూ పక్కకి లాగి ఉండేది.

గడియారాల షాపతను గడపలోకి వచ్చి, "ఏవమ్మా అక్కగారూ, ఇంట్లో అంతా కులాసానా?" అన్నాడు. నా వయసులో సగం లేదు అతనికి. కులాసానే అన్నాను. అతని చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంది. రోజూ అయితే కుట్టిపెడతాననేదాన్ని.

మార్చి 3

వచ్చింది. ఏమీ తేలలేదు, అంతా తేలిపోయిందంటున్నాడు పెద్దోడు.

ల్యాబ్ డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. మనిషి నెత్తురులో కొన్ని చోట్ల గుర్తులు ఉంటాయి. ఒక్కోచోట రెండు. ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. పిల్ల గుర్తుల్లోంచి తల్లివి తీసేస్తే మిగిలినవన్నీ తండ్రి దగ్గర దొరకాలి. ఎప్పుడైనా ఒకటీ అరా తేడా రావచ్చు. పెద్దోడి దగ్గర చాలా దొరికాయి, కానీ చాలా చోట్ల దొరకలేదు.

"పరాయివాడైతే ఇన్ని కలవవు. తండ్రి అయితే ఇన్ని తప్పవు. తండ్రి ఈయన దగ్గరి బంధువు ఎవరైనా అయ్యుండొచ్చు. దీన్నిబట్టి తేల్చి చెప్పలేను" అని ఆవిడ అన్నదట.

తేల్చి చెప్పలేను అన్న మాట పెద్దోడి చెవికెక్కలేదు. దగ్గరి బంధువు అన్న మాట ఎక్కింది.

పెద్దోడు కాక మా ఇంట్లో మిగిలిన మగాడు చిన్నోడొక్కడే.

మార్చి 4

పొద్దున్నే చిన్నోడు వచ్చాడు. కూర్చోలేదు.

"అన్నయ్య ఏమన్నాడో తెలుసా అక్కా?"

"తెలుసు."

"నేను పదిహేడేళ్ళుగా వాళ్ళింటికి అన్నానికి ఎందుకొస్తున్నానో ఇప్పుడు అర్థమైందంట. అన్నం బాగుంటుంది కాబట్టి వచ్చాను! వదిన నన్ను చిన్నపిల్లాడిలా కూర్చోబెట్టి పెట్టింది కాబట్టి వచ్చాను! ఆవిడ నాకు..." అని ఆగిపోయాడు. తర్వాత, "అమ్మ పోయాక నాకు అమ్మక్కా ఆవిడ. ఆ మాట నోటితో ఎలా అన్నాడు?"

టీ ఇచ్చాను. తాగలేదు. కప్పు కిటికీలో పెట్టి వెళ్ళిపోయాడు.

సాయంత్రం మరదలు, పిచ్చుక రెండు సంచులతో వచ్చారు. పొమ్మన్నాడా అని అడగలేదు. పిల్ల కళ్ళు వాచి ఉన్నాయి. మరదలి కళ్ళు పొడిగా ఉన్నాయి.

"కొన్నాళ్ళుంటాం వదినా."

"ఇది మీ ఇల్లే."

దేవుడా, నేను నిన్ను ఏమీ అడగలేదు ఇన్నేళ్ళూ. ఆ ఏడాది ఒక్కటే అడిగాను. పెద్దోడిని బతికించమన్నాను. బతికించావు. దీనికేనా?

మార్చి 6

చిన్నోడు తనంతట తనే ల్యాబ్‌కి వెళ్ళి నెత్తురిచ్చాడు. "నేనైతే నేనని రాయనీ. కాదని రాస్తే అన్నయ్య నా కాళ్ళు పట్టుకోవాలి. కాదు, వదిన కాళ్ళు పట్టుకోవాలి. నావి వాసనొస్తాయి."

పిచ్చుక నవ్వింది. మూడు వారాల తర్వాత.

మార్చి 8

పిల్ల నా పక్కనే పడుకుంటోంది. "అత్తా, నా ముక్కు బాబాయ్‌దేనా?" అని అడిగింది.

"మా నాన్న ముక్కే అది. నాకూ ఉంది చూడు. మీ నాన్నకీ ఉంది. అందరం దాన్నే మోస్తున్నాం."

తడిమి చూసింది, నాది, తనది.

పెద్దోడు ఫోన్ చేశాడు, నీలం డబ్బాలో ఉండాల్సిన చిన్న స్క్రూలు కనబడటం లేదని. భార్యని అడగమన్నాడు నన్ను. పక్కనే ఉంది, నువ్వే అడుగు అన్నాను. పెట్టేశాడు.

మార్చి 14

కోపం పాపమని చిన్నప్పుడు నేర్చుకున్నాను. నాకు కోపం లేదు. ఆ ఇంట్లో గిన్నెలు, దుప్పట్లు, వాడు వేసుకునే చొక్కా గుండీలు, షాపు బల్ల మీద దుమ్ము లేకపోవడం, అన్నీ ఆమె చేతివే. వాడు బతికుండటం కూడా. ఆ ఏడాది వాడు ఆస్పత్రి నుంచి ఎముకల గూడై వస్తే, నోట్లో చెంచాతో గంజి పోసింది ఆమె. చంకలో నాలుగేళ్ళ పిల్ల.

ఒక కుర్రాడు వేళ్ళకి సూది గుచ్చి ఒక అక్షరం చెప్పాడు. అంతే, అన్నీ చెరిగిపోయాయి.

నాకు కోపం లేదు అని రాస్తున్నాను కానీ ఉంది.

మార్చి 21

ల్యాబ్ నుంచి ఫోన్. అందరూ రండి అన్నారు. వెళ్ళాం. గాజు తలుపు, ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద చేతులు కడుక్కోమని బొమ్మలు. పెద్దోడు ఒక మూల, చిన్నోడు ఇంకో మూల. మధ్యలో మేం ముగ్గురు ఆడవాళ్ళం.

డాక్టరమ్మ మండిపడుతూ వచ్చింది.

"మాతో ఆటలాడుతున్నారా? రెండు సీసాల్లోనూ ఒకే మనిషి నెత్తురుంది."

"నా చెయ్యి గుచ్చింది మీ అమ్మాయే కదండీ" అన్నాడు చిన్నోడు.

"నాదీ ఇక్కడే తీశారు" అన్నాడు పెద్దోడు.

"అయితే మీరిద్దరూ కవలలు కావాలి. అచ్చం ఒకేలా పుట్టిన కవలలు."

"మా ఇద్దరికీ ఎనిమిదేళ్ళ తేడా. కవలల్ని అంత తీరిగ్గా కనే ఓపిక మా అమ్మకి లేదండీ" అన్నాడు చిన్నోడు.

ఆవిడ నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. కళ్ళజోడు తీసి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. గొంతు మారింది.

"మీలో ఎవరికైనా ఎముక మూలుగ మార్పిడి జరిగిందా?"

అందరి చూపూ పెద్దోడి మీదికి వెళ్ళింది.

మా ఇంట్లో ఆ జబ్బు పేరు ఎత్తకూడదు. అమ్మ పెట్టిన ఆన. పెద్దోడు ఇల్లు చేరిన రోజే ఆస్పత్రి కాగితాలన్నీ పొయ్యిలో పెట్టింది. వంశంలో ఉందని తెలిస్తే చిన్నోడికి పిల్లనెవరిస్తారని ఆమె భయం. దాచినా ఎవరూ ఇవ్వలేదు, అది వేరే సంగతి. అమ్మ పోయింది, ఆన మిగిలింది. మేం దాన్ని ఆ ఏడాది అంటాం. అంతకు మించి అనం.

"లేదండీ" అన్నాడు పెద్దోడు.

విన్నాను. భార్య పక్కనే నిలబడి ఉంది. కూతురు ఉంది. తమ్ముడు ఉన్నాడు. ముగ్గురి బతుకులూ ఆ ఒక్క జవాబు మీద ఉన్నాయి. లేదండీ అన్నాడు.

"అయింది" అన్నాను.

"అక్కా!"

"పిల్లకి నాలుగేళ్ళప్పుడు పెద్దోడికి అయిందండీ. రక్తం క్యాన్సరు. మూలుగ ఇచ్చింది చిన్నోడే."

ఆ మాట నా నోట్లోంచి రావడం అదే మొదలు. పైకప్పు కూలలేదు.

డాక్టరమ్మ పెద్దోడి వైపు తిరిగింది. "మొదటి రోజే అడిగాను కదండీ ఈ మాట?"

"అడిగారు."

"లేదన్నారు."

"అలా చెప్పడం... అలవాటు."

ఆవిడ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. నేను ప్రార్థనలో మూసుకున్నట్టే. తర్వాత మెల్లగా చెప్పింది. మూలుగ ఇచ్చినవాళ్ళ నెత్తురే ఇక జీవితాంతం ఒంట్లో తయారవుతుందట. గ్రూపు కూడా వాళ్ళదే అయిపోతుందట. "మిమ్మల్ని పరీక్ష చేశామనుకున్నాం, మీ తమ్ముణ్ణి చేశాం. బాబాయిని కూర్చోబెట్టి నువ్వు తండ్రివా అని అడిగితే సగం సగమే కలుస్తుంది మరి. మీ తమ్ముడు తండ్రి కాడు, అది తేలింది. మీ సంగతి ఇంతవరకు ఎవరూ చూడనే లేదు."

ఆస్పత్రిలో ఈ సంగతి అమ్మకి చెప్పే ఉంటారు. అమ్మ దాన్నీ పొయ్యిలో పెట్టింది.

"ఇప్పుడెలా?" అంది మరదలు. ఆ రోజంతా ఆమె అన్న మొదటి మాట.

"జుట్టు కుదుళ్ళు కావాలి. మూలుగ మారినా అవి మారవు. బుగ్గ లోపలి తడిలో తమ్ముడి కణాలు కలిసిపోయి ఉంటాయి, దాన్ని నమ్మలేం. ఈసారి మొదటికంటే ఎక్కువ గుర్తులు చూస్తాను. అనుమానానికి చోటివ్వను."

పెద్దోడు బట్టతల వంచాడు.

"ఉన్నవే నాలుగు. చూసి పీకండమ్మా" అన్నాడు చిన్నోడు.

పిచ్చుక నవ్వు ఆపుకోలేకపోయింది. పెద్దోడు కూడా నవ్వబోయాడు, భార్య వైపు చూసి. ఆమె నవ్వలేదు. ఒకసారి నవ్వి చూసింది కదా.

మెట్ల మీద ఆమె అతన్ని ఆపింది.

"ఇప్పుడు చెప్పండి. కాగితం రాకముందే చెప్పండి. నా మాట నమ్ముతున్నారా?"

ఒక్క మాట. అవును అంటే చాలు. నేను రెయిలింగు గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. అను, అను అని లోపల అరిచాను. ఏ దేవుడి ముందూ అంత గట్టిగా అరవలేదు.

"ఎలాగూ వచ్చేస్తుంది కదా. వచ్చాక మాట్లాడుకుందాం" అన్నాడు.

"అలాగే" అంది. షాపులో కళ్ళు పరీక్ష చేసేటప్పుడు దూరంగా ఉన్న అక్షరాలు ఎవరైనా తప్పు చదివితే కూడా ఆమె అలాగే అంటుంది, ఇంకో అద్దం మారుస్తూ.

మార్చి 22

నా తమ్ముడే. నా చేతుల మీద పెరిగాడు. జబ్బు పేరు చెప్పుకోవడం కంటే పెళ్ళాం పేరు పోవడం తేలిక అనుకున్నాడు.

మార్చి 30

ఏమీ లేదు. పదకొండు జిప్పులు వేశాను.

ఏప్రిల్ 9

కలిసింది. చూసిన ప్రతి చోటా కలిసింది. తల్లివి తీసేయగా మిగిలినవన్నీ పెద్దోడి కుదుళ్ళలో ఉన్నాయి, ఒక్కటి కూడా తప్పలేదు. జుట్టు ప్రకారం అతని అసలు గ్రూపు కూడా పిల్లదే అయ్యుండాలని డాక్టరమ్మ అన్నది. ఆవిడే నాకు ఫోన్ చేసి చెప్పింది. "మీరు ఆ రోజు నోరు విప్పకపోతే, నేను అచ్చం ఇంకోలా రాసి పంపేదాన్ని" అంది. పిచ్చుకకి చెప్పాను. తల ఊపి పుస్తకం చదువుకుంది. పేజీ తిప్పలేదు చాలాసేపు.

పెద్దోడు సాయంత్రం మిఠాయి డబ్బాతో వచ్చాడు. చిన్నోణ్ణి కూడా పిలిచాడు. గడపలోనే ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, అందులో దొంగతనం లేదు.

"అయిపోయింది, పీడకల. పదండి ఇంటికి. కింద బండి ఆపే వచ్చాను."

ఎవరూ లేవలేదు.

"ఈ కాగితం ఫ్రేము కట్టించి షాపులో పెడతాను. ఒక్కొక్కడి నోరూ మూయిస్తాను."

"పెట్టు అన్నయ్యా" అన్నాడు చిన్నోడు. "కింద పెద్దక్షరాలతో రాయించు, నా పెళ్ళాన్ని నేను అనుమానించాను అని. కళ్ళజోడు లేనివాళ్ళకి కూడా కనబడాలి."

"ఒరేయ్, నువ్వూ అలా అంటే ఎలా..."

"ఒరేయ్ అనకు నన్ను. కనీసం ఇవాళ అనకు. ఒంట్లో నా నెత్తురు పెట్టుకుని నన్నే దొంగని చేశావు."

పిచ్చుక అప్పుడు అడిగింది. "కలవకపోయుంటే?"

"కలిసింది కదా తల్లీ."

"కలవకపోయుంటే ఏం చేసేవారు మీరు?"

మీరు. పుట్టినప్పటినుంచీ తండ్రిని నువ్వు తప్ప అనని పిల్ల. పెద్దోడి మొహం చూడలేకపోయాను. చూసి తీరాలని మళ్ళీ చూశాను.

"అన్నీ ఎందుకమ్మా తవ్వడం..." అన్నాడు.

"నేను రాను" అంది మరదలు. గొంతు పెంచలేదు. "షాపుకి రేపటినుంచి వస్తాను. అద్దాల కోసం జనం ఎదురు చూస్తున్నారు, వాళ్ళేం పాపం చేశారు? షట్టరు దించగానే ఇక్కడికి వచ్చేస్తాను."

"ఎన్నాళ్ళు?"

"నాకు తెలీదు. ఏ ల్యాబ్‌కైనా పంపి కనుక్కోండి."

అతను నా వైపు చూశాడు. చిన్నప్పటినుంచీ అంతే, ఏం విరగ్గొట్టినా నా వైపే చూసేవాడు. నేను అతుకుతానని.

అతకలేదు.

అందరం కూర్చుని తేల్చుకున్నది ఇది. మరదలు, పిచ్చుక నా దగ్గరే ఉంటారు. ముందు గదిలోంచి కుట్టుమిషను వంటింటి పక్కకి జరుగుతుంది, ఆ గది వాళ్ళది. షాపులో ఆమె పని ఆమెది, ఇంటి సంగతులు అక్కడ ఎత్తకూడదు. పిల్ల తండ్రి దగ్గరికి వెళ్ళాలనుకుంటే వెళ్తుంది, రమ్మని ఎవరూ పిలవకూడదు. ఆదివారం టీ ఉండదు. చిన్నోడి భోజనం ఇక్కడే. కాగితానికి ఫ్రేము కట్టరు.

పెద్దోడు ఎవరెవరి దగ్గర నోరు జారాడో వాళ్ళ దగ్గరికి తనే వెళ్ళాలి. జబ్బు పేరు చెప్పాలి, ఎవరి నెత్తురుతో బతుకుతున్నాడో చెప్పాలి, నా భార్య తప్పేమీ లేదు, తప్పు నాది అని చెప్పాలి. మరదలు వెంట వెళ్ళదు. నేను వెళ్తాను. రేపు పొద్దున్న మొదట గడియారాల షాపు. అన్నిటికీ సరే అన్నాడు. అక్కడికెళ్ళాక వాడి నోరు పెగలకపోతే నేనే చెప్తాను, వీధి మధ్యలో నిలబడి, అందరికీ వినబడేలా. అది కూడా తేల్చుకున్నదే.